పొలం కింద పైపులైను: పగిలితే ఎవరికి చెప్పాలి?

ఒడిశాలోని బరంపురానికి దక్షిణాన, ఇచ్ఛాపురం సరిహద్దుకు దగ్గరగా మా మామయ్యకు కొంచెం వరి పొలం ఉంది. దాని గట్టు మీద ఒక గుర్తురాయి పాతారు. రాయి మీద ఒక అంకె, ఒక ఫోన్ నంబరు, రెండు భాషల్లో హెచ్చరిక ఉన్నాయి. ఆ రెండిట్లో తెలుగు లేదు. పైపులైను వేసేముందు ఇంటికి వచ్చిన కాగితంలోనూ లేదు. ఊళ్లో చదువుకున్న పిల్లవాడొకడు ఆ కాగితం చదివి చెబితే ఆయనకు బోధపడింది ఒక్కటే: భూమి తనదే, కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు నన్ను అడిగాడు: "అమ్మాయ్, ఆ గొట్టం ఎప్పుడైనా పగిలితే నేను ముందు ఎవరికి చెప్పాలి?"

పోలీసులకని, తహసీల్దారుకని, కంపెనీకని మూడు జవాబులు ఒకేసారి నోటికి వచ్చాయి. ఏది సరైనదో చెప్పలేకపోయాను. తర్వాత చట్టాలు తిరగేస్తే ఆ మూడే కాదు, మరో అరడజను జవాబులు ఉన్నాయని తెలిసింది. అదే అసలు చిక్కు.

గంజాం జిల్లా మీదుగా వెళ్లే పెద్ద లైన్లలో ఒకటి ఇండియన్ ఆయిల్ వారి పారాదీప్-హైదరాబాద్ పైపులైను. పొడవు దాదాపు 1,200 కిలోమీటర్లు, సామర్థ్యం ఏడాదికి 45 లక్షల టన్నులు. పారాదీప్ రిఫైనరీ నుంచి పెట్రోలు, డీజిలు వంటివి బరంపురం, విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ దారిగా హైదరాబాద్‌కు చేరతాయి. ఒకే గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి, సరుకు రైలు పెట్టెల్లా సాగుతాయి. ఇది కాక శ్రీకాకుళం నుంచి అంగుల్ వరకు గెయిల్ చేపట్టిన సహజవాయు పైపులైను ఉంది. మొదటిదానిలో ద్రవం, రెండోదానిలో వాయువు. ద్రవం కారితే నేలలోకి ఇంకి, బావుల్లోకి, వాగుల్లోకి చేరుతుంది. వాయువు కారితే గాలిలో కలిసి నిప్పు కోసం ఎదురుచూస్తుంది. రెండు ప్రమాదాల స్వభావం వేరు, వాటిని చూసే కార్యాలయాలు కూడా కొంతవరకు వేరు.

ముందు భూమి సంగతి. ఇలాంటి లైన్లు వేయడానికి ప్రభుత్వం భూమిని కొనదు. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం కింద ఆ భూమిలో "వినియోగ హక్కు" మాత్రమే తీసుకుంటుంది. గెజిట్‌లో ప్రకటన వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లోగా రైతు అభ్యంతరం చెప్పుకోవచ్చు. పరిహారం రెండు రకాలు: పంటకు, చెట్లకు జరిగిన నష్టానికి ఒకటి, హక్కు తీసుకున్నందుకు భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇంకొకటి. ఆ తర్వాత రైతు అక్కడ దున్నుకోవచ్చు, నాటుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కడితే జిల్లా జడ్జి ఉత్తర్వుతో కూలగొట్టించి ఆ ఖర్చు రైతు నుంచే రాబట్టవచ్చు. 2011లో ఈ చట్టాన్ని సవరించి దొంగతనానికి పదేళ్ల దాకా కఠిన జైలు, ప్రాణాపాయం తెచ్చేలా పైపులైనును ధ్వంసం చేస్తే యావజ్జీవం లేదా మరణశిక్ష దాకా పెట్టారు. దొంగ కుళాయి బిగించి పెట్రోలు తోడుకోవడం వల్ల మంటలు లేచి మనుషులు చనిపోతారు కనుక ఈ కఠినత్వానికి కారణం ఉంది, దాన్ని నేను తప్పు పట్టను.

ఇదే చట్టం కంపెనీకి పెట్టిన హద్దులు కూడా ఉన్నాయి. ప్రకటన తేదీకి ముందు నుంచి నివాసంగా ఉన్న స్థలం కింద లైను వేయకూడదు. శాశ్వత కట్టడం ఉన్న చోట, ఇంటి పెరడు కింద వేయకూడదు. భూమి పైనుంచి ఒక మీటరు కన్నా తక్కువ లోతులో వేయకూడదు. ఈ మీటరు మాట మా వైపు వాళ్లకు ముఖ్యం. వేసిన నాడు మీటరు లోతున ఉన్న గొట్టం ఎప్పటికీ అదే లోతున ఉండదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి, గంజాం జిల్లాలను వరదలో ముంచింది. ఋషికుల్య, బహుదా వంటి నదులు పొంగినప్పుడు ఒడ్డు కోసుకుపోతుంది, పైమట్టి కొట్టుకుపోతుంది. నది అడుగున లోతుగా తొలిచి వేసిన చోట కొంత ధైర్యం. చిన్న వాగులు, కాలువలు దాటే చోట పైమట్టి పోయి గొట్టం బయటపడవచ్చు. లైను దారిని చూసుకోవాల్సిన బాధ్యత దాన్ని నడిపే సంస్థది. ఆ మట్టి కోతను ముందు చూసేది మాత్రం గట్టు మీద నడిచే రైతు.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. పెద్ద ఫ్యాక్టరీ వస్తుందంటే ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు, వెళ్లి మాట్లాడతాం. పైపులైనుకు ఆ సభ ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం చమురు, వాయు పైపులైను జాతీయ ఉద్యానం, అభయారణ్యం, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతం గుండా వెళితేనే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. వరి పొలాల గుండా, మొగలి పొదల గుండా వెళితే అక్కర్లేదు. అనుమతి అక్కర్లేని చోట సభ కూడా ఉండదు. అంటే చట్టం ప్రకారం రైతు నోరు విప్పే ఏకైక అవకాశం ఆ 21 రోజుల అభ్యంతరమే. అదీ తనకు చదవడం రాని భాషలో వచ్చిన కాగితాన్ని బట్టి.

ఇప్పుడు కార్యాలయాల సంగతి. వీటిని విడివిడిగా చూడకపోతే చిక్కు విడదు.

భద్రతా ప్రమాణాలు రాసేది, వాటిని పాటిస్తున్నారో లేదో చూసేది ఢిల్లీలోని పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు. 2006 చట్టం కింద ఏర్పడింది. సహజవాయు లైన్లకు 2009లో, పెట్రోలియం ఉత్పత్తుల లైన్లకు 2016లో సాంకేతిక, భద్రతా ప్రమాణాల నిబంధనలు తెచ్చింది. అత్యవసర ప్రతిస్పందన ప్రణాళిక ఎలా ఉండాలో 2010లో రాసింది. దీనికి జరిమానా వేసే అధికారం ఉంది: ఒక్కో ఉల్లంఘనకు కోటి రూపాయల దాకా, సరిదిద్దకుండా కొనసాగిస్తే రోజుకు పది లక్షల దాకా. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ వేరు. 1986లో పుట్టింది, పెట్రోలియం మంత్రిత్వశాఖ కింద పనిచేస్తుంది, నోయిడాలో ఉంటుంది. ప్రమాణాలు రాస్తుంది, తనిఖీలు చేసి లోపాలు చెబుతుంది, కానీ సొంతంగా శిక్షించే అధికారం లేదు. నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఇంకొకటి. ఇది వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వశాఖ కిందిది. 1934 పెట్రోలియం చట్టాన్ని, 2002 నియమాలను అమలు చేస్తుంది. నీళ్లు పాడైతే 1974 జల కాలుష్య చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి రావాలి. దానికి బరంపురంలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. ప్రమాదం కంచె దాటి ఊరి మీదికి వస్తే జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా సంక్షోభ బృందం, 1996 రసాయన ప్రమాదాల నియమాల కింద. నష్టపరిహారం కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్. భూమి తగాదా అయితే మళ్లీ జిల్లా జడ్జి.

ఇన్ని తలుపులు ఉండడం ఒక్కటే తప్పు కాదు. విద్యుత్తుకూ రైల్వేకూ కూడా కార్యాలయాలు అనేకం ఉన్నాయి. నాకు కనబడే లోపం వేరే చోట ఉంది. ఈ కార్యాలయాలన్నీ ఎక్కువగా చూసేది కంపెనీ పంపిన కాగితాలను, కంపెనీ నియమించుకున్న మూడో పక్షం సంస్థ ఇచ్చిన ఆడిట్ నివేదికను. అధికారి స్వయంగా గట్టు మీదికి వచ్చి చూసేది తక్కువ. వందల కిలోమీటర్ల లైను మీద అది సాధ్యం కూడా కాదు. కనుక వ్యవస్థ మొత్తం కంపెనీ తనను తాను ఎంత నిజాయితీగా కొలుచుకుంటుందన్న దాని మీద నిలబడి ఉంది. ఆ కొలతను బయటినుంచి సరిచూడగలిగిన వాడు లైను పక్కన బతికే మనిషి. అతనికే ఏ కార్యాలయమూ పద్ధతిగా సమాచారం ఇవ్వడం లేదు.

కంపెనీ కొలత ఎలా జరుగుతుందో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఉక్కు గొట్టానికి ప్రధాన శత్రువు తుప్పు. బయటి తుప్పు రాకుండా గొట్టం మీద ప్లాస్టిక్ పూత వేస్తారు. పూత ఎక్కడో గీరుకుపోయినా ఉక్కు కరగకుండా ఉండేందుకు గొట్టానికి చిన్న విద్యుత్ ప్రవాహం ఇస్తారు. దాన్ని కాథోడిక్ రక్షణ అంటారు. నేలతో పోలిస్తే గొట్టం మీద వోల్టేజి మైనస్ 0.85 వోల్టులు లేదా అంతకన్నా కిందికి ఉందో లేదో దారి పొడవునా ఉండే కొలత స్తంభాల దగ్గర చూస్తారు. పొలాల్లో కనబడే ఆ స్తంభాలు దీనికే. పూత ఊడిందా, రక్షణ ఆగిందా అన్నది వీటి అంకెలు చెబుతాయి. లోపలి తుప్పు కనిపెట్టడానికి గొట్టం లోపల "పిగ్" అనే యంత్రాన్ని పంపుతారు. శుభ్రం చేసే పిగ్ వేరు, అయస్కాంతంతో గొట్టం గోడ మందాన్ని చదివే తెలివైన పిగ్ వేరు. రెండోది బయటికి వచ్చాక ఎక్కడ ఎంత మందం తగ్గిందో చెబుతుంది. ఆ అంకెలు చూసి ఏది ముందు మార్చాలో నిర్ణయించేది ఇంజినీర్లు. గోడ సన్నబడిందని తెలిసి కూడా వాయిదా వేస్తే పిగ్ పంపిన ఫలితం ఉండదు.

ఇక లీకు పట్టే పద్ధతి. కంట్రోల్ రూములో కంప్యూటర్లు ఒక చివర ఎంత వెళ్లింది, ఇంకో చివర ఎంత వచ్చింది అని లెక్క కడతాయి. ఒత్తిడి హఠాత్తుగా పడిపోయినా అలారం మోగుతుంది. పెద్ద పగులైతే ఇది చురుగ్గా పనిచేస్తుంది. సన్నని రంధ్రం దగ్గరే ఇబ్బంది. పారాదీప్-హైదరాబాద్ లైను పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 12 వేల టన్నులకు పైగా సరుకు సాగుతుంది. కొలత పరికరాల్లో ఒక్క శాతం తేడాను సహజమని వదిలేశామనుకుందాం. అది 120 టన్నులు, అంటే పన్నెండు వేల లీటర్లు పట్టే ట్యాంకర్లు పన్నెండు. ఇది నేను వేసిన ఉదాహరణ లెక్క మాత్రమే. వాస్తవ పరికరాలు ఇంతకన్నా సున్నితంగానే ఉండవచ్చు. ఎంత సున్నితమైనవైనా వాటికి ఒక గీత ఉంటుంది. ఆ గీత కింద జరిగే లీకును పట్టేది మనిషి ముక్కు, బావి నీళ్ల మీద తేలిన రంగుల పొర, ఒకే మడిలో ఎండిపోయిన పైరు.

ఇది ఊహ కాదనడానికి అమెరికాలోని మిషిగాన్ సంగతి చెబుతాను. 2010 జులై 25 సాయంత్రం మార్షల్ అనే ఊరి దగ్గర ఎన్‌బ్రిడ్జ్ సంస్థ ముడిచమురు లైను ఆరడుగుల పొడవున పగిలింది. వేల కిలోమీటర్ల దూరంలో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న కంట్రోల్ రూములో అలారాలు మోగాయి. లోపల గాలిబుడగ ఏర్పడి ఉంటుందనుకుని పంపులను రెండుసార్లు మళ్లీ నడిపించారు. ఊళ్లోవాళ్లు అదే రాత్రి వాసన వస్తోందని అత్యవసర నంబరుకు ఫోన్లు చేశారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి వెతికారు, ఏమీ దొరకలేదు, వెళ్లిపోయారు. పదిహేడు గంటల తర్వాత స్థానిక గ్యాస్ సంస్థ ఉద్యోగి ఒకరు చమురు చూసి ఫోన్ చేస్తేనే కంట్రోల్ రూముకు నిజం తెలిసింది. అప్పటికి దాదాపు 32 లక్షల లీటర్లు కలమజూ నదిలో కలిసింది. ఆ గొట్టంలో లోపాలున్నాయని 2005 నాటి పరీక్షల్లోనే కనబడిందని అక్కడి జాతీయ రవాణా భద్రతా సంస్థ తేల్చింది, ప్రభుత్వ నియంత్రణ బలహీనంగా ఉందనీ రాసింది. 2016లో సంస్థ 17 కోట్ల 70 లక్షల డాలర్ల ఒప్పందానికి దిగి వచ్చింది. ఇందులో నాకు ముఖ్యంగా అనిపించేది డబ్బు కాదు. వాసన పసిగట్టినవాళ్ల ఫోనుకూ, పంపు ఆపాల్సిన గదికీ మధ్య దారి లేకపోవడం.

ఆ దారి మన దగ్గర కూడా లేదని మనవాళ్లే ప్రాణాలిచ్చి చూపించారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ సహజవాయు లైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడివాయువు కోసం ఉద్దేశించిన లైనులో తేమ, ద్రవం కలిసిన వాయువు పంపడం, లోపల నుంచి తుప్పు తినడం కారణాలుగా తేలాయి. గ్యాస్ వాసన వస్తోందని తాము ముందే చెప్పామని స్థానికులు అప్పట్లో పత్రికలకు చెప్పారు. ఇంకో మాట గుర్తుంచుకోవాలి. మన వంటింటి సిలిండరులో వచ్చే ఘాటు వాసన తర్వాత కలిపినది. సహజవాయువుకు సొంతంగా వాసన ఉండదు. దూరప్రాంతాల లైన్లలో సాధారణంగా ఆ ఘాటు వాసనను కలపరు. కనుక గ్యాస్ లైను పక్కన వాసన లేదంటే లీకు లేదని కాదు. బుసకొట్టే చప్పుడు, మడి నీళ్లలో బుడగలు రావడం, ఎండకాలం కాకపోయినా ఒక పట్టీ మాత్రమే మాడిపోవడం వంటివి చూసుకోవాలి.

మరి సమాచారం ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదా? ఉంది. భోపాల్ తర్వాత 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నియమాల్లో ఉంది. అంతర్రాష్ట్ర పైపులైన్లు కూడా ఆ నియమాల్లో పైపులైను నిర్వచనంలోకి వస్తాయి. 14వ నియమం ఆవరణ బయట అమలు చేయాల్సిన అత్యవసర ప్రణాళిక గురించి చెబుతుంది. 15వ నియమం ఇంకా సూటిగా ఉంటుంది: పెద్ద ప్రమాదం జరిగితే దెబ్బ తగిలే ప్రాంతంలో ఉన్నవారికి ఆ ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియజేయాలి. ఈ ఒక్క నియమాన్ని నిజంగా అమలు చేసి ఉంటే మా మామయ్యకు సంక్రాంతినాడు నన్ను అడగాల్సిన అవసరం వచ్చేది కాదు. లోపభూయిష్టమైన వెల్డింగు మీద ఆడిట్ నివేదికలో ఒక పేరా ఉంటుంది. ఊరివాళ్లకు చెప్పారా లేదా అన్నది ఒక గడిలో టిక్కు మార్కుగా ముగిసిపోతుంది. ఏ ఊళ్లో, ఏ భాషలో, ఎంతమందికి చెప్పారని అడిగే అధికారి కావాలి. కోటి రూపాయల జరిమానా ఒక పెద్ద చమురు సంస్థను కదిలించదు, కానీ ఈ ప్రశ్న కదిలిస్తుంది, ఎందుకంటే దానికి జవాబు ఢిల్లీలో తయారు చేయడం కుదరదు.

భాష మాటకొస్తే, సరిహద్దు జిల్లాల తెలుగువారికి రాజ్యాంగంలోనే ఆధారం ఉంది. 350వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా తన బాధను కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నవించుకోవచ్చు. బరంపురంలో, పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో ఉన్నవారు కలెక్టరుకు తెలుగులోనే దరఖాస్తు రాయవచ్చు. భాషా అల్పసంఖ్యాకుల రక్షణ పథకం ప్రకారం ఒక ప్రాంతంలో ఆ భాష మాట్లాడేవారు 15 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలో కూడా రావాలి. పైపులైను హెచ్చరిక కన్నా ముఖ్యమైన ప్రకటన ఏముంటుందో నాకు తెలియదు. ఒడియా మీద మాకు ద్వేషం లేదు, మా పిల్లలు ఒడియా బడుల్లోనే చదువుతున్నారు. అరవై ఏళ్ల రైతుకు రాత్రిపూట లాంతరు వెలుగులో చదవగలిగిన అక్షరాలు కావాలని మాత్రమే అడుగుతున్నాం.

నియంత్రణ బోర్డు చట్టంలోని 25వ సెక్షన్ కింద కంపెనీ మీద ఎవరైనా నేరుగా ఫిర్యాదు చేయవచ్చు, ఉల్లంఘన జరిగిన 60 రోజుల్లోగా. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ప్రమాదం వల్ల నష్టం జరిగితే కంపెనీ తప్పు నిరూపించకపోయినా పరిహారం ఇప్పించవచ్చు. బావి పాడైతే, పంట పోతే ఇది పనికివస్తుంది. నీళ్లను సీసాలో పట్టి, తేదీ రాసి, కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు లేని నమూనా ట్రిబ్యునల్‌లో నిలబడడం కష్టం.

తవ్వకాల సంగతి కూడా. లైన్లకు ఎక్కువ ముప్పు తెచ్చే వాటిలో జేసీబీ ఒకటి. కాలువ పూడిక తీయడానికో, రోడ్డు వెడల్పు చేయడానికో పంచాయతీ కాంట్రాక్టరు వచ్చి గుర్తురాయి పీకి పక్కన పడేస్తాడు. 2023 మార్చిలో కేంద్రం "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్ తెచ్చింది. తవ్వేముందు అందులో నమోదు చేస్తే ఆ చోట కింద ఏముందో సంబంధిత సంస్థలు చెబుతాయి. సర్పంచులు పని మంజూరు చేసేముందు ఇది చేశారా అని అడగాలి.

మామయ్యకు చివరికి ఫోనులో చెప్పిన జవాబు ఇది. వాసన గానీ బుసచప్పుడు గానీ వస్తే మోటారు స్విచ్ ముట్టుకోవద్దు, బీడీ వెలిగించవద్దు, ట్రాక్టరు స్టార్ట్ చేయవద్దు. గాలి ఎటునుంచి వస్తోందో చూసి దానికి ఎదురుగా, దూరంగా నడవాలి. నేల మీద పెట్రోలు పారుతుంటే బిందెలతో పట్టుకోవడానికి ఎవరినీ పోనివ్వకూడదు, అలా వెళ్లినవాళ్లే ఎక్కువగా కాలిపోతారు. బాగా దూరం వెళ్లాక ముందు గుర్తురాయి మీది నంబరుకు, వెంటనే 112కు ఫోన్ చేయాలి. ముందు కంపెనీకి ఎందుకంటే పంపు ఆపి, రెండు వైపులా వాల్వు మూయగలిగేది వాళ్లొక్కరే. ఊరి పేరు చెబితే కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి తెలియకపోవచ్చు. రాయి మీద ఉన్న కిలోమీటరు అంకె చెబితే ఏ వాల్వు మూయాలో వెంటనే తెలుస్తుంది. ఆ అంకెను, ఆ నంబరును ఇంటి గోడ మీద క్యాలెండరు పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకున్నానని మొన్న చెప్పాడు. పక్క నాలుగిళ్లవాళ్లు కూడా వచ్చి రాసుకుని వెళ్లారట.